అమ్మోనియా బుడగ, పెద్దాయన ఫ్లెక్సీ

గోదావరికి వరదొస్తే పడవలు ఆపేస్తారు. ఏటి మధ్య లంకలో ఉండే మా అక్కకు ఇన్సులిన్ అందదు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకునే నాకు ఏటా అదే దిగులు. అందుకే గాలిలో తేలే ఓడ గురించి కలలు కనేదాన్ని. కార్బన్ ఫైబర్ చట్రం, ఉల్లిపొరంత పలచటి ఫిల్ము, వరద మీదుగా నిదానంగా సాగిపోయే రోగులూ బాలింతలూ. హీలియం మాకు దొరకదు. హైడ్రోజన్‌తో నిప్పు భయం. రొయ్యల కోసం నడిచే ఐసు ఫ్యాక్టరీల్లో వాడే అమ్మోనియా మాత్రం గాలికన్నా తేలిక, ఊళ్లోనే ఉంది. కాకపోతే ముక్కు బద్దలయ్యే ఘాటు.

మొన్నటి వరదలో ఆ కలకు చిన్న నమూనా కట్టాను. చిన్న గదంత బుడగ, దాని కింద ఐసుతో ఇన్సులిన్ పెట్టె, మళ్లీ వెనక్కి లాక్కోడానికి పొడవాటి సన్నతాడు. గాలి లంక వైపే వీస్తోంది. అక్కావాళ్లు అవతలి గట్టు మీద కొక్కెం కర్రలతో ఎదురుచూస్తున్నారు.

గ్యాసు ఇప్పించాడని మా కాలేజీ కమిటీవాళ్లు ఊరి పెద్దాయనను ప్రారంభానికి పిలిచారు. మా వైపు పుట్టినరోజైనా దినమైనా ఫ్లెక్సీ ఉండాల్సిందే. మధ్యలో ఆయన నవ్వు, చుట్టూ అనుచరుల తలకాయలు. తెచ్చి బుడగకు వేలాడదీశారు. ఆ బరువుకు బుడగ నేల వదల్లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ ఫ్లెక్సీ తీసెయ్యండి సార్."

"ఆయన ఎదురుగా ఆయన బొమ్మ తీస్తే ఏం బాగుంటుందండి?" అన్నారు కమిటీ కార్యదర్శి గారు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

అక్కకు ఫోన్ చేద్దామని నాలుగడుగులు పక్కకెళ్లాను. వెనక చప్పట్లు. తిరిగి చూస్తే బుడగ పైకి లేస్తోంది. రిబ్బను తేవడం మర్చిపోయారట, పెద్దాయన కత్తెరతో నా తాడే కోసి ప్రారంభించాడు. ఇన్సులిన్ పెట్టె కొబ్బరి చిప్పల పక్కన నేల మీద ఉంది.

"మీ పెట్టే బరువండి. తీసి పక్కన పెట్టాం," అన్నారు కార్యదర్శి గారు, ఏదో సాయం చేసినట్టు.

థూ! అమ్మోనియా కంపును భరించాను గానీ ఆ చప్పట్లను భరించలేకపోయాను. పెద్దాయన నీళ్ల మీద ఎగిరిపోతున్న తన బొమ్మకే చెయ్యి ఊపుతున్నాడు. నేను వంగి నేల మీది పెట్టె చేతిలోకి తీసుకున్నాను. కట్టడానికి నా దగ్గర ఇంకో బుడగ లేదు.

కాసేపటికి అక్క ఫోన్ చేసింది. వెనక జనం కేకలు.

"చేరిందే చెల్లీ! కర్రేసి లాగాం. ఎవరిదో మొహం ఉంది. అటూ ఇటూ తిప్పి చూశాం. మందెక్కడ పెట్టావే?"

చేతిలో పెట్టె ఇంకా చల్లగానే ఉంది.