మూడో పాటలో ఆ ఆలాపన

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే పక్కింటి ఆంటీ పిలిచింది. ఫోన్ నాకట.

పెరంబూరు నుంచి మామయ్య. "మీ అత్త పోయిందమ్మా" అన్నాడు.

ఏ అత్త అని అడిగాను. నాకున్నది ఒక్కతే అత్త.

పొద్దున వాటర్ లారీ లైనులో బిందె పెట్టి, ఆయాసంగా ఉందని లోపలికెళ్ళి పడుకుందట. మళ్ళీ లేవలేదు.

మేం వెళ్ళేసరికి ఆ బిందె గడప దగ్గర నిండుగా ఉంది. లైనులో ఉన్న ఆడవాళ్ళే ముందుకి జరుపుకుంటూ వెళ్ళి, నింపి తెచ్చి పెట్టారట.

ఈ ఈ-మెయిల్ గ్రూపులో చాలామందికి వసంత అత్త తెలుసు. మనమంతా 'అక్క' అని పిలుచుకునే మన గాయని కచేరీ ఎక్కడున్నా ముందు వరసలో కూర్చుని, పాట మొదలవకముందే కళ్ళు తుడుచుకునే మనిషి.

కోరస్‌లో పాడేదనీ తెలుసు. మా ఇళ్ళలో మాట తెలుగు, చదువు తమిళం. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను గానీ, అత్తకి తెలుగు చదవడం రాదు. పాటలన్నీ తమిళ అక్షరాల్లో రాసుకుని పాడేది. సినిమావాళ్ళు ఇక్కణ్ణుంచి హైదరాబాద్‌కి తరలిపోయాక ఆ పని కూడా తగ్గింది.

మీకు తెలియనిది ఒకటుంది. ఇవాళ చెప్పాలి.

అక్క ప్రైవేట్ ఆల్బమ్ రికార్డింగ్ రోజు నేను కాలేజీ ఎగ్గొట్టి అత్త వెంట స్టూడియోకి వెళ్ళాను. అక్కకి బాగా జలుబు. మూడో పాటలో చరణం ముందు ఆలాపన ఉంది కదా, ఆ పై స్థాయిలో గొంతు నిలవడం లేదు. చివరికి హెడ్‌ఫోన్స్ తీసేసి వెనక్కి తిరిగి, "వసంతా, నువ్వు అందుకోమ్మా" అంది.

అత్త రెండడుగులు ముందుకొచ్చి కళ్ళు మూసుకుంది.

అవును. అది అత్త గొంతు.

"నీ పేరు వేయిస్తా" అంది అక్క. క్యాసెట్ అట్ట మీద 'కోరస్: బృందం' అని వచ్చింది.

"సరి, బృందంలో నేను లేనా ఏంది?" అని నవ్వేసింది అత్త.

తర్వాత తెలుగు పత్రికలో ఆ రివ్యూ వచ్చింది. గుర్తుందిగా? అలసిపోయిన గొంతు, అరిగిపోయిన బాణీలు, ఈ క్యాసెట్‌లో ప్రాణమున్నది ఒక్క మూడో పాటలోని ఆలాపనకే, అని.

మనం ఊరుకున్నామా! వాషర్‌మెన్‌పేట్‌లో మన అభిమాన సంఘం ప్రెసిడెంట్ దాము అన్న తన కొట్టు ముందు 'ఈ పత్రిక ఇక్కడ అమ్మబడదు' అని బోర్డు పెట్టాడు. బట్టల కొట్లో పత్రిక ఎవరు కొంటారని ఎవరూ అడగలేదు.

ఆదివారం దాకా ఆగలేక, శనివారమే అందరం కోడంబాకంలో ఆ పత్రిక ఆఫీసుకి వెళ్ళాం. అత్త కూడా వచ్చింది. అక్కని అన్నారని ఆమెకీ కోపమే.

ఆ రివ్యూ రాసిన ఎడిటర్ నెమ్మదస్తుడు. "ఆ ఆలాపనని మెచ్చుకున్నాను కదండీ" అన్నాడు.

దాము అన్న టేబుల్ మీద చెయ్యి వేశాడు. "అదీ మా అక్క గొంతే సార్! అట్లా పాడిన గొంతు అలసిపోయిందని ఎట్లా రాస్తారు?"

ఎడిటర్ తడబడ్డాడు. "ఆవిడేనా? వేరే గొంతులా అనిపించిందే."

నేను నోరు తెరవబోయాను. అత్త నా మోచెయ్యి గిల్లింది.

"ఆమా సార్, ఆయమ్మదే" అంది. "నేను ఆడనే ఉండాను. కోరస్ నేనే."

మనం గెలిచాం. పై వారం పత్రికలో చిన్న సవరణ పడింది, ఆలాపన కూడా అక్కదేనని. మీరంతా మైసూర్‌పాక్ పంచుకున్నారు.

ఆ శనివారం తిరిగి వచ్చేటప్పుడు అత్త స్టేషన్ బయట ఆ పత్రికే ఒకటి కొంది. ట్రైన్‌లో నా చేతిలో పెట్టింది.

"ఆ లైను చదువు."

చదివాను.

"మళ్ళా ఒకతూరి."

నాకు ఒళ్ళు మండింది. "ఎందుకత్తా అబద్ధం చెప్పావు? నీ గురించి ప్రింట్‌లో వచ్చింది ఇదొక్కటే!"

"కోరస్ అంటే ఏందనుకుంటివే? ముందుండే గొంతు ఊపిరి తీసుకునేటప్పుడు పాట ఆగకుండా పట్టుకునేదే కోరస్. ఆయమ్మని కింద పడేసి నేను పైకి లేస్తే అది పాటా?"

నా చేతిలోని పత్రికని మళ్ళీ తెరిచింది.

"ప్రాణం అని రాసినాడు కదా? చదువు, ఇంకొకతూరి."

పెరంబూరు వచ్చేదాకా చదువుతూనే ఉన్నాను. దిగేటప్పుడు పత్రికని సీటు మీదే వదిలేసింది. "ఎవరైనా చదువుకోనీ, పా."

ఇవాళ శ్మశానం నుంచి వస్తూ దాము అన్నకి ఇదంతా చెప్పాను. మెట్ల మీద కూర్చుండిపోయాడు.

"అయితే మనం అబద్ధంతో గెలిచినామా పాపా?"

"అత్తతో గెలిచాం అన్నా."

"గ్రూపులో రాయి" అన్నాడు.

అందుకే రాస్తున్నాను. అక్క గొంతు గొప్పదని చెప్పడానికి మనం ఇప్పటికీ ఆ ఆలాపనే వినిపిస్తాం. అక్క గొప్పదే. చెప్పడానికి ఆమె పాటలు బోలెడున్నాయి. ఇదొక్కటీ మాత్రం వసంత అత్తకి ఇచ్చేయండి.

ఇవాళ ఇంటికెళ్ళాక క్యాసెట్ పెట్టండి. మూడో పాట. చరణం ముందు వచ్చే ఆలాపన. ఆ గొంతుకి ఒక పేరుంది.

నువ్వు కాసేపు ఆగు అత్తా. పాట మేం పట్టుకుంటాం.

నీ ప్రాణానికి నెమ్మది దొరకాలి.