ఖాసిం తొక్కని బ్రేకు

1984 ఎండాకాలం. అప్పుడు నాకు నరసరావుపేటలో మెకానిక్ షెడ్డు ఉండేది. గురజాల వైపు ఆసామి రాఘవయ్యగారు కబురు పెట్టారు. పత్తి కొట్టంలో ఏళ్ల తరబడి పడివున్న పాత నల్లకారుని కొడుకు పెళ్లి ఊరేగింపుకి నడిపించాలట. ముందు ఎడమ చక్రం బిగుసుకుపోయి బండి కదలడం లేదు.

ఆ కారు సంగతి మెకానిక్కులందరికీ తెలుసు. సాగర్ కాలవ కట్ట మీద వెళ్తూ ఉన్నట్టుండి పక్కకు లాగి కాలవలో పడింది. అందులో ఉన్న రాఘవయ్యగారి తమ్ముడు చనిపోయాడు. కారుని పైకి లాగి కొట్టంలో పడేశారు. డ్రైవరు ఖాసిం బతికి, "నేను బ్రేకు తొక్కలేదు, అదే పట్టేసింది" అని మొత్తుకున్నాడు. తాగి తోలాడన్నారు. ఆపైన ఎవరూ అతనికి బండి ఇవ్వలేదు. మాచర్ల స్టేషన్లో మూటలు మోసి మోసి పోయాడు.

పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ బ్రేక్ ఆయిల్‌ని గొట్టాల గుండా చక్రాలకు నెడుతుంది. అక్కడి రబ్బరు కప్పులు జరిగి బ్రేకు పడుతుంది. నిలవున్న బండి కదా, తుప్పే అనుకున్నాను. విప్పితే కప్పులు నానిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. అనుమానమొచ్చి ఆ ఆయిల్‌ని గ్లాసు నీళ్లలో పోశాను. బ్రేక్ ఆయిల్ అయితే నీళ్లలో కలిసిపోతుంది. ఇది పైన తేలింది.

"అయ్యా, ఇది ఇంజన్ ఆయిలండీ. దీనికి రబ్బరు ఉబ్బిపోద్ది. తొక్కకపోయినా చక్రం పట్టేస్తది. ఎవరు పోశారు?"

రాఘవయ్యగారు ఆ గ్లాసు చేతిలోకి తీసుకున్నారు.

"నేనే, మేస్త్రీ. కారు కాలవలో పడ్డ వారమే. బ్రేకాయిల్ తగ్గింది, గుంటూరెళ్లి తెస్తానన్నాడు ఖాసిం. పత్తి రోజులు, బండి ఆపితే ఎట్టా? చేలో ఆయిలింజన్‌కి పోసే డబ్బా ఉంటే, వాడు లేనప్పుడు అందులోది పోశా. నూనె నూనేగా అనుకున్నా. పోశానంటే వాడు బ్రేకాయిలే అనుకున్నాడు."

"మరి అప్పుడే చెప్పలేదేందండీ?"

"అది తప్పని తెలిస్తేగా చెప్పేది!"

ఆయన మీద కోపమొచ్చింది, జాలీ వేసింది. బండి బిగించొద్దని చెప్పి, ఆయన ఒక రబ్బరు కప్పు చేతిలో పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని మాచర్ల వెళ్లారు. ఖాసిం భార్య మస్తాన్‌బీ ఇంటి గుమ్మంలో నిలబడి ఆమెకి అంతా చెప్పారు.

"నీ మొగుడు తాగలేదమ్మా. తప్పు నాది."

ఆమె ఆ రబ్బరు ముక్కని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది.

"పోయేనాడు కూడా అదే అన్నాడయ్యా, నేను తొక్కలేదే అని. నేనూ నమ్మలేదు."

అప్పటినుంచి ఏ డ్రైవరు ఆ మాట అన్నా ముందు చక్రం విప్పి చూస్తాను. ఖాసిం బతికున్నన్నాళ్లూ ఆ కారు ఆ కొట్టంలోనే ఉంది. తాగుబోతని తేల్చడానికి అందరికీ నోరుంది. నాలుగు బోల్టులు విప్పి చూసినవాడు ఒక్కడూ లేడు.