చింతాద్రిపేటలో చల్లగాలి కారు

నా చేతికి లొంగని కారు మద్రాసులో మునిరత్నం చేతికి లొంగుతుందని రెడ్డిగారు అనడంతో ఈ ప్రయాణం మొదలైంది. రెడ్డిగారికి గూడూరు దగ్గర మైకా గనులున్నాయి. ఆయన అమెరికా కారులో చల్లగాలి యంత్రం ఉంది. అందులో గ్యాసును నొక్కి తోసే కంప్రెసరు గరగరమంటోంది, గాలి చల్లబడటం లేదు. మునిరత్నమూ నేనూ ఒకే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాం. ఇప్పుడు అతనికి చింతాద్రిపేటలో షెడ్డు, ఊరంతా పేరు. నాకు నెల్లూరులో పాత లారీలు. “నువ్వూ వెళ్ళి చూసి నేర్చుకో చెంచయ్యా” అన్నారు రెడ్డిగారు. ఆ మాటకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆయన కారులో ముందురోజే వెళ్ళారు. నేను తెల్లవారుజామున ఐదున్నర ప్యాసింజరు మూడో తరగతిలో ఎక్కాను. గూడూరులో ఇడ్లీ, కాఫీ. గుమ్మిడిపూండి వచ్చేసరికి కిటికీ ఊచలు ముట్టుకోలేనంతగా కాలిపోతున్నాయి. ఎదుటి బల్ల మీది పంతులుగారు నా పని విని, “కారులో చలిగాలా! దాన్ని బాగుచేసేవాడు గట్టివాడే నాయనా” అన్నారు. నేను మొహం తిప్పుకున్నాను.

పదకొండుకు సెంట్రల్లో దిగి, కూవం వంతెన దాటి నడిచాను. షెడ్డు ముందు నాలుగు పెద్ద కార్లు వరసలో ఉన్నాయి.

“వచ్చినావా చెంచయ్యా! ఈడ నిలబడు, బాగా కనపడుతుంది” అన్నాడు మునిరత్నం. రెడ్డిగారు పక్కనే కుర్చీలో ఉన్నారు.

అతను కంప్రెసరుకు రెండు వైపులా ఉన్న వాల్వులు మూశాడు. లోపలి గ్యాసు మెల్లగా వదిలి, పక్క మర విప్పి, సన్నటి కడ్డీ ముంచాడు. కొస మాత్రమే తడిసింది.

“ఆయిల్ లేదు, అందుకే అరుస్తా ఉండాది. దీనికి ఇంజను ఆయిల్ పోస్తే పాడైపోతుంది. దీని ఆయిల్ వేరే. మూత తీసిపెట్టినా గాలిలో తేమ పీల్చేస్తుంది” అంటూ సీలు డబ్బా అప్పటికప్పుడు తెరిచి, కొలిచి పోశాడు. ఒక్క చుక్క కూడా కింద పడలేదు. నేను ఇంజను ఆయిల్ పోద్దామనుకున్న సంగతి ఎవరికీ చెప్పలేదు.

మర బిగించి, లోపలి గాలి తీసేసి, ఒక వాల్వు తెరిచాడు. అంతలో ఇంకో కారు యజమాని పిలిస్తే వెళ్ళి మాట్లాడి వచ్చాడు. చేతులు తుడుచుకుని, “సెరి, స్టార్ట్ చెయ్యి” అన్నాడు రెడ్డిగారి డ్రైవరుతో.

రెండో వాల్వు మూసే ఉందని నేను అప్పటికే చూశాను. ఇంజనుతో పాటే కంప్రెసరూ తిరుగుతుంది. గ్యాసుకు దారి లేక పగిలిపోతుంది. రెడ్డిగారి కళ్ళెదుటే పగులుతుంది. పగలనీ అనుకుని నోరు మూసుకున్నాను. డ్రైవరు చెయ్యి తాళం మీదికి వెళ్ళింది.

“ఆగు!” అని అరిచాను.

మునిరత్నం చూసి నాలుక కరుచుకున్నాడు. వాల్వు తెరిచి, “అయ్యా, మీ కారును కాపాడింది ఈయన” అని రెడ్డిగారితో గట్టిగా చెప్పాడు. కాసేపటికి చల్లగాలి వచ్చింది.

మెస్సులో భోంచేస్తూ మునిరత్నం మెల్లగా అడిగాడు. “మొదట్నే చూసినావు గదా?”

“చూశాను” అన్నాను.

అతను పెరుగు నా వైపు జరిపాడు. రైలుకు బయల్దేరేటప్పుడు సీలు తియ్యని ఆయిల్ డబ్బా ఒకటి నా సంచిలో పెట్టి, “ఈసారి ఆడనే చేసెయ్యి. రెడ్డిగారిని ఇంత దూరం తిప్పొద్దు” అన్నాడు.

సాయంత్రం బండిలో ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వచ్చేటప్పుడు అతని షెడ్డును, పేరును చూసి కుళ్ళుకున్నాను. తిరిగి వెళ్తుంటే అవి అంతగా బాధపెట్టలేదు. నేను నోరు మూసుకున్నానని తెలిసి కూడా ఈ డబ్బా ఇవ్వగలిగాడే, ఆ మనసు చూసే నాకు కడుపు మండిపోయింది. నెల్లూరు దాకా నిద్ర పట్టలేదు.