దేవుడి గదిలో పెట్టిన కాగితం

ఆ రోజు నా దారాల పెట్టె తీసుకెళ్లి ఎదురింటావిడకు ఇచ్చేశాను. బెంగళూరు నగర్తపేటలో చీరలకు కుచ్చులు కట్టడం నా పని. పెట్టె ఇచ్చేశాక మనసు తేలికైంది. అది చెడు గుర్తని నాకు తెలియలేదు, మా అత్త పసిగట్టింది.

"పెట్టె ఏమిటికి ఇచ్చేస్తివప్పా? రేపు దేంతో కడతావు?" అంది.

మా ఆయన పోయి అప్పటికి ఏడాది. ఆయన దగ్గరికి వెళ్లిపోవాలన్న కోరిక తప్ప నాలో ఇంకేమీ మిగల్లేదు.

మర్నాడే అత్త నన్ను ఆస్పత్రికి లాక్కెళ్లింది. నీరసం దానివల్లేమోనని చేయించిన థైరాయిడ్ టెస్టు మామూలుగానే వచ్చింది. డాక్టరమ్మ సూటిగా అడిగారు, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని. అంతవరకు ఆ మాట నన్నెవరూ అడగలేదు. భోరున ఏడ్చేశాను. డిప్రెషన్ అన్నారు. మాత్రలు రాసి, అవి అత్త దగ్గరే ఉంచమన్నారు.

తర్వాత వారం వారం సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాను. ఆమె నాచేత సేఫ్టీ ప్లాన్ రాయించారు. ఆ ఆలోచన ముదురుతోందని ఎలా తెలుస్తుంది, అప్పుడు నేనేం చేయాలి, ఎవరిని పిలవాలి, ఆస్పత్రి నంబరు, అన్నీ ఒక్క కాగితం మీద. మొదటి గుర్తుగా "వస్తువులు ఇచ్చేయడం" అని రాశాను.

అత్తకు ఆ కాగితమంటే ఎంత భక్తంటే, పసుపు కుంకుమ పెట్టి దేవుడి గదిలో పటం వెనక దాచింది. నెలసరి రోజుల్లో మా ఇంట్లో ఆ గడప దాటకూడదు. సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు ఆ ఆలోచన మళ్లీ ముదిరింది. ఆయన చొక్కాలు ఎవరికైనా ఇచ్చేద్దామని మూట కట్టాను. మూట చూసుకున్నాక కాగితం గుర్తొచ్చింది. వెళ్లి గడప ఇవతల నిలబడిపోయాను. చావడానికి లేని భయం గడప దాటడానికి వచ్చింది నాకు.

"అత్తా, ఆ ఆలోచన మళ్లీ వచ్చింది. కాగితం లోపలుండాది" అన్నాను.

వంటింట్లోంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వే రాప్పా లోపలికి. దేవుడికి నేను చెప్పుకుంటాలే." గడప దాటించి, కాగితం నా చేతిలో పెట్టి, పక్కనే కూలబడింది. "నాకూ వాడు కావాలనే ఉండాది. నువ్వూ పోతే వాడి మాట ఎవరితో మాట్లాడేది?"

అక్కడే కూర్చుని ఆస్పత్రికి ఫోన్ చేశాం. వెంటనే రమ్మన్నారు, వెళ్లాం.

ఇప్పుడు మళ్లీ కుచ్చులు కడుతున్నాను. ఎదురింటావిడ పెట్టె తిరిగిచ్చింది, మంచి దారాలన్నీ వాడేసుకుని. బెంగ మాత్రం పోలేదు. ఆయనకిష్టమైన చిలకపచ్చ రంగు చీర చేతికొస్తే ఆయనకు చూపించాలనిపిస్తుంది.

నేను చెప్పేది ఒక్కటే. సేఫ్టీ ప్లాన్ ఏ రోజైనా చెయ్యి అందే చోట పెట్టుకోండి. మాది బియ్యం డబ్బా మూతకు అంటించాం. పొద్దున బియ్యం తీస్తూ అత్త అడుగుతుంది, "ఈ పొద్దు ఎట్లుండాది?" అని. బెంగగా ఉందంటే డబ్బా పక్కనే కూర్చుని, ఇద్దరం ఆయన మాటే మాట్లాడుకుంటాం.