ఇసుక డబ్బాతో ఎన్నూరు దాకా

ఇందుమూలముగా సమస్త రైలు ప్రయాణికులకు తెలియజేయడమేమనగా: కిటికీ పక్క సీటు ఎవరి తాత సొత్తూ కాదు, ముందు తుండుగుడ్డ విసిరినవాడిదే. కాదన్నవాడు నిలబడి పోవలెను. ఇంత ముఖ్యమైన విషయం తేల్చేశాను కనుక ఇక నా ప్రయాణం సంగతి.

నా భార్య రూతమ్మ అన్నానికి ఎసరు పెట్టినప్పుడల్లా దేవుడి పేరు చెప్పి పిడికెడు బియ్యం రేకు డబ్బాలో వేస్తుంది. నెలాఖరు ఆదివారం అది ఎన్నూరు ఉప్పుటేటి అవతల, వాళ్ళ పుట్టింటి ప్రార్థన మందిరానికి చేరాలి. అక్కడ అందరి పిడికెళ్ళూ కలిపి వండి, వచ్చినవాళ్ళందరికీ పెడతారు. ఇక నా సంగతి. పెరంబూరులో కొలిమి పని చేస్తూ కుడిచేతి వేళ్ళు రెండు నలగ్గొట్టుకుని అప్పటికి ఎనిమిది నెలలు. సమ్మెట పట్టలేను. ఒక గోడౌనులో వాచ్‌మన్ పనికి అర్జీ పెడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. మోకాళ్ళ మీద పడి దేవుణ్ణి అడిగి అడిగి విసుగెత్తింది. ‘అన్నం అడిగితే ఆయన నాకు ఇసుక పెడుతున్నాడు, నేనూ ఆయనకి అదే పెడతా’ అనుకున్నాను. డబ్బాలో బియ్యం టీకొట్టులో ఇచ్చి టీలు తాగాను, బీడీలు కాల్చాను. అడుగున ఇసుక పోసి పైన నాలుగు వేళ్ళ మందాన బియ్యం సర్దాను. భలే నవ్వొచ్చింది, “ఈసారి నువ్వూ రావాలయ్యా” అని రూతమ్మ అనేదాకా.

పొద్దున ఆరింటికి బయలుదేరి బేసిన్ బ్రిడ్జికి నడిచాం, ముప్పావుగంట. ఏడింటికి గూడూరు వైపు పోయే పాసింజరు ఎక్కాం. మూడో తరగతి, మనిషికి నాలుగణాలు. కిటికీ సీటు నాకే దొరికింది, ఇంజను బొగ్గు నలుసులూ నాకే దొరికాయి.

“డబ్బా ఇటియ్యి, బరువుగా ఉంటుంది,” అన్నాను. దారిలో ఎలాగో పారబోద్దామని నా ఎత్తు.

“నీ చెయ్యి బాగలేదు కదా. నా ఒళ్ళోనే ఉండనీ.”

ఎన్నూరులో దిగి ఇసుకలో మైలు దూరం నడిస్తే పడవల రేవు. మనిషికి అణా. రూతమ్మ ముందు ఎక్కి కూర్చుంది. నేను పడవవాడి చెవిలో, “ఇంకో అణా ఇస్తా, నడిమధ్యన కాస్త ఊపు. ఆ డబ్బా నీళ్ళలో పడాల,” అన్నాను.

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. “ఊపుతా అన్నా, నాకేం? నాకు ఈత వచ్చు. నీకొచ్చునా?”

ఇస్తానన్న అణా మళ్ళీ జేబులో వేసుకుని పడవెక్కాను.

మందిరం వెనక వంట చేసే దేవకరుణమ్మక్క పెద్ద చాప పరిచి కూర్చుంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి డబ్బా వంచుతున్నారు. రూతమ్మ వంతు వచ్చింది. వాళ్ళ అమ్మ, అన్నలు, పాస్టరుగారు, అందరూ అక్కడే. ఇంత మందిలో ఆమె తల దించుకోవాలి కదా అని అప్పుడు తట్టింది నా బుర్రకి. “రూతమ్మా, ఆగు!” అని కేకేశాను. ఆమె ఆగలేదు. డబ్బా బోర్లించింది.

అడుగుదాకా బియ్యమే.

“ఏంది బావా అట్టా అరిచినావు, తేలు కుట్టిందా?” అని మరదళ్ళు పకపకా నవ్వారు. చెట్టు చాటున రూతమ్మ నాతో నెమ్మదిగా చెప్పింది: “పది రోజులైంది నేను చూసి. ఇసుక తీసేసినా. రాత్రిళ్ళు గంజినీళ్ళు తాగి నా బువ్వ బియ్యం అందులో పోసినా.”

“నన్ను అడగలేదేం? తిట్టొచ్చు కదా!”

“తిడితే ఈడికి వచ్చేవాడివా? నీకు దేవుణ్ణి పట్టుకునే ఓపిక లేకపోతే నీ వంతు కూడా నేనే పట్టుకుంటా. నీకు ఓపిక వచ్చినాక తీసుకో.”

మధ్యాహ్నం ఆ అన్నం, చేపల పులుసు తిన్నాను. మూడో ముద్ద దగ్గర కళ్ళు తడిశాయి. కారం ఎక్కువైందని అక్కకి వంక పెట్టాను. దేవుడు పలకని నెలల్లో నేను ఒంటరిగా పడి ఉన్నాననుకున్నాను. నా పక్కనే ఒక మనిషి ఆకలి కడుపుతో నా కోసం ఆయన కాళ్ళు పట్టుకుని ఉంది. ఇంతకంటే ఆయన ఏం పలకాలి? మీరెప్పుడైనా అటు పోయేటట్టయితే చెంబుతో మంచినీళ్ళు పట్టుకుపోండి. అవతలి ఒడ్డున అన్నీ ఉప్పు నీళ్ళే.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాచ్‌మన్ పని ఖాయమని ఉత్తరం గుమ్మంలో పడి ఉంది. దేవుడికి స్తోత్రం.

ఆ ఉత్తరం మాట మాత్రం నేను కల్పించింది. మందిరంలో చెప్పే సాక్ష్యంలా ముగించడానికి బాగుంటుందని రాశాను. ఉత్తరం ఇంకా రాలేదు. నా వంతు మాత్రం రూతమ్మ దగ్గర్నుంచి తీసేసుకున్నాను.