మొహం తిప్పుకుని వేసిన మోటారు

1999 ఏప్రిల్. మామిడికుదురు దగ్గర ఒక కొబ్బరితోటలో మోటారు షెడ్డు. అక్కడ ఉన్నవి: ఐదు హార్స్‌పవర్ మోటారు ఒకటి, కాలిపోయింది. గోడకి మగమనిషి తలెత్తున బిగించిన ఆయిల్ స్టార్టరు, అంటే పిడి తోసి మోటారు వేసే ఇనప డబ్బా ఒకటి. ఫ్యూజుల బోర్డు, బోర్లించిన బకెట్టు, మూలకి ఆనించిన వెదురు కర్ర. ఉన్నవాళ్ళు: తోట చూసుకునే సత్యవతి గారు, ఆవిడ అత్తగారు, మరిది భాస్కరరావు గారు, పదమూడేళ్ళ కూతురు రాధ, పదేళ్ళ కొడుకు చిన్ని, నేను. సత్యవతి గారి భర్త మస్కట్‌లో ఉంటారు.

అప్పటికి నేను ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి అమలాపురంలో ఒక రీవైండింగ్ షాపులో పనిచేస్తున్నాను. కాలిన మోటారులో రాగి తీగ చుట్లన్నీ పీకేసి కొత్తవి చుట్టడాన్ని రీవైండింగ్ అంటారు. ఈ మోటారుని ఆ వేసవిలో అప్పటికే రెండుసార్లు చుట్టాను. రెండుసార్లూ నేనే బిగించి, నేనే వేసి, నీళ్ళు పడేదాకా చూసి వచ్చాను. ఇది మూడోసారి. ఒకే మోటారు మూడుసార్లు వెనక్కి వస్తే ఆ మెకానిక్‌ని మళ్ళీ ఎవరూ పిలవరు.

నా సంగతి ఎలా ఉన్నా, సత్యవతి గారి సంగతి అంతకంటే ఇరకాటంలో ఉంది. కాలువలు కట్టేసే రోజులు. తోటలో అంతరపంటగా వేసిన అరటికి ఈ మోటారు తోడే ఫిల్టరు పాయింటు బోరు నీళ్ళే దిక్కు.

"ఆయన ఫోన్ చేసేరండి," అన్నారావిడ. "ఇది బాగయ్యేది కాదు, వచ్చే నెల నించి కౌలు లెక్కన తోట భాస్కరానికి ఇచ్చేయమన్నారు. ఈ ఒక్కసారికి ఆగమన్నాను. పిలకలు నేనే ఏరి తెచ్చేనండి. మొక్క మొక్కకీ నేనే మట్టి ఎగదోయించేను. తీరా గెలలేసే వేళకి చేతులు కట్టుకుని కూర్చోమంటే ఎలాగండి?"

"కూర్చోమని ఎవరన్నారు వదినా?" అన్నారు భాస్కరరావు గారు. మంచి మనిషే. మోటారు కాలినప్పుడల్లా తన పని మానుకుని వచ్చేవారు. "ఆడవాళ్ళకి ఈ కరెంటుతో తంటా ఎందుకని. అంతేనండి నేననేది."

నేను మోటారు విప్పాను. మూడు ఫేజుల చుట్లలో రెండు మాడిపోయాయి, ఒకటి శుభ్రంగా ఉంది. దీన్ని సింగిల్ ఫేజింగ్ అంటారు. మూడు తీగల్లో ఒకదాని నుంచి కరెంటు రాకపోతే భారమంతా మిగిలిన రెండింటి మీద పడుతుంది. లైనులో లోపమా అంటే, అదే లైను మీదున్న పక్క తోట మోటారు చక్కగా తిరుగుతోంది. మరి స్టార్టరులో? ఫ్యూజులు పీకి, దాని నూనె తొట్టి దించి చూశాను. కరెంటుని కలిపే రాగి బిళ్ళల్ని కాంటాక్టులంటారు. కిందటిసారి కొత్తవి వేశాను. అవి అప్పుడే గుంటలు పడి ఉన్నాయి, ఒకటైతే సగానికి సగం కరిగిపోయింది. భారం ఎక్కువైతే మోటారుని ఆపాల్సిన ఓవర్‌లోడ్ రిలే ముల్లు చివరికంటా తిప్పి ఉంది.

"ఊరికే మోటారు ఆగిపోతోందని నేనే పెంచేనండి," అన్నారు భాస్కరరావు గారు.

సరే, ఆపాల్సింది ఎందుకు ఆపలేదో తెలిసింది. కాంటాక్టులు ఎందుకు కాలాయో తెలియలేదు. పిడి పట్టుకుని పైకి తోశాను. టక్కున మూడూ ఒకేసారి కలిశాయి. మళ్ళీ తోశాను. అంతే. నా చేతిలో ఆ స్టార్టరుకి ఏ జబ్బూ లేదు.

అప్పుడు మూలనున్న కర్ర కనబడింది. కొస నల్లగా నూనె పట్టి ఉంది.

"ఇదెందుకండీ, పాములకా?"

అత్తగారు నవ్వేశారు. "పాముకేంటి బాబూ, మోటారుకే. దాంతోనే వేస్తాం."

"చేత్తో వెయ్యరా?"

"అమ్మో! మా మాఁవగారు ఉన్నప్పుడు ఈ గడప లోపలికే రానిచ్చేవారు కాదు."

పీకిన మూడు ఫ్యూజులూ తీసుకున్నాను. రాధని పిలిచి దాని చేతిలో పెట్టాను. "ఇవి నీ దగ్గరుంటే ఈ స్టార్టరుకి కరెంటు రాదు. జాగ్రత్తగా పట్టుకో." తర్వాత సత్యవతి గారితో, రోజూ ఎలా వేస్తారో అలాగే వేసి చూపించమన్నాను.

ఆవిడ గుమ్మంలో ఉన్న రబ్బరు చెప్పులు తొడుక్కున్నారు. కర్ర అందుకున్నారు. బారెడు దూరంలో నిలబడి, కొసని పిడికి ఆనించి, మొహం ఎడమ పక్కకి తిప్పుకుని, కళ్ళు మూసుకుని మెల్లగా తోశారు. నేను కాంటాక్టుల్నే చూస్తున్నాను. ఒకటి ముందు తగిలింది. మిగతా రెండూ గాలిలో ఆగి, ఊగి, అప్పుడు కలిశాయి. కరెంటు ఉన్నప్పుడు అలా ఆగిన ప్రతిసారీ మధ్యలో నిప్పు లేస్తుంది. ఆ నిప్పే రాగిని తినేస్తోంది, కరిగిన బిళ్ళ దగ్గర ఒక తీగ కలవడం లేదు.

"రాధా, నువ్వూ వేస్తావా?"

"ఆయ్. అమ్మ పొలంలో ఉంటే నేనే వేస్తానండి."

ఫ్యూజులు ఎడమ చేతిలో ఉంచుకునే, కుడి చేత్తో కర్ర పట్టుకుంది. కరెంటు రాదని చెప్పి ఇప్పుడే తన చేతిలో పెట్టినవి. అయినా మొహం అదే ఎడమ పక్కకి తిప్పి, అవే కళ్ళు మూసుకుని, అంతే మెల్లగా తోసింది.

"అలా మొహం తిప్పమని ఎవరు చెప్పేరమ్మా?"

"ఎవరూ చెప్పలేదండి. మోటారు అలాగే వేస్తారు కదా?"

చిన్ని ఆగలేకపోయాడు. పక్క తోట నీళ్ళు పారుతున్న బోదెలో ఆడుకుంటున్నవాడు పరిగెత్తుకొచ్చి, బకెట్టెక్కి, తడి చేత్తో పిడి తోశాడు. టక్. మూడూ ఒకేసారి కలిశాయి.

భాస్కరరావు గారు మురిసిపోయారు. "నా ట్రైనింగేనండి. నాలుగేళ్ళప్పుడే చంకనెత్తుకుని పిడి మీద చెయ్యి పెట్టించేను. భయమన్నది లేదు వెధవకి."

"మరి రాధ చేత పెట్టించలేదా అండి?"

"ఆడపిల్ల కదండీ. షాక్ కొడితే?"

"చిన్నికి కొట్టదాండి? వాడి చేతులు చూడండి."

ఆయన చూశారు. వాడి మోచేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన తువ్వాలు తీసి వాడి చేతులు తుడవడం మొదలుపెట్టారు.

ఒకే ఇల్లు, ఒకే స్టార్టరు, ఇద్దరు పిల్లలు. ఒకరికి భయం అలవాటైంది, ఒకరికి ధీమా అలవాటైంది. కరెంటు ఎలాంటిదో మాత్రం ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. నా రెండు రీవైండింగులూ ఎందుకు నిలవలేదో కూడా అప్పుడే అర్థమైంది. ప్రతిసారీ పరీక్షించింది నేనే. రోజూ వేసే మనిషి చేత ఒక్కసారైనా వేయించలేదు.

మోటారు చుట్టి తెచ్చిన రోజున స్టార్టరు గోడ మీంచి ఊడదీసి, సత్యవతి గారిని నిలబెట్టి, ఆవిడ చెయ్యి తేలిగ్గా ఆనేచోట బిగించాను. కాంటాక్టులు మార్చాను. రిలే ముల్లు ఉండాల్సిన అంకె దగ్గరికి తెచ్చాను. పాత ఎర్తు తీగ తెగి ఉంది. కొత్తగా గొయ్యి తీయించి, ఉప్పూ బొగ్గూ వేసి ఎర్తింగ్ చేశాను. డబ్బాలోకి కరెంటు పొరపాటున దిగినా మనిషిలోకి రాకుండా భూమిలోకి పోయే దారి అది. పొడి చేతులు, కాళ్ళకి చెప్పులు, ఆ తర్వాతే పిడి అని చిన్నికీ చెప్పాను. వాడికి నచ్చలేదు.

ఫ్యూజులు తీసేసి, తల్లీ కూతుళ్ళ చేత వట్టి పిడి తోయించాను. మొదట్లో మెల్లగా, తర్వాత టక్కున, ఆ తర్వాత ఎదురుగా చూస్తూ.

"బావుంది," అన్నారు అత్తగారు. "రేపు మా కోడలు స్తంభం కూడా ఎక్కుతుంది."

"ఎక్కితే మీరు నిచ్చెన పట్టుకుందురుగానిలెండి అత్తయ్యా."

ఇక ఫ్యూజులు పెట్టాను. సత్యవతి గారు పిడి మీద చెయ్యి వేశారు. మొహం అలవాటుగా ఎడమకి తిరిగింది. ఆగారు. మళ్ళీ స్టార్టరు వైపు తిప్పారు. టక్కుమంది. మోటారు అందుకుంది, గొట్టం దగ్గి నీళ్ళు వదిలింది. ఆవిడ చెయ్యి ఇంకా పిడి మీదే ఉంది.

"ఆపు, ఆపు," అన్నారు అత్తగారు లోపలికొస్తూ. "ఆపి, ఈసారి నన్ను వెయ్యనీ."

ఆ రాత్రి మస్కట్‌కి ఫోన్ చేసింది భాస్కరరావు గారే. తోట వదినే చేసుకుంటారని ఆయనే చెప్పారట. ఆ ఏడు అరటి గెలలు సత్యవతి గారే దగ్గరుండి కొట్టించారు.

2004లో బేరింగులు మార్చడానికి మళ్ళీ వెళ్ళాను. నేను సంచీ విప్పేలోపే రాధ ఫ్యూజులు పీకి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇవి మీ దగ్గరుంటే కరెంటు రాదండి. జాగ్రత్త," అంది నవ్వుతూ.

ఇప్పుడు ఎక్కడ స్టార్టరు బిగించినా, కొలత టేపు తీయకముందే ఒక ప్రశ్న అడుగుతాను: రోజూ వేసేది ఎవరు? ఆ మనిషి వచ్చి నిలబడ్డాకే గోడకి రంధ్రం వేస్తాను. వాళ్ళు వేయగా చూశాకే సంచీ సర్దుకుంటాను. ఇది నాకు డిప్లొమాలో రాలేదు, ఆ షెడ్డులో వచ్చింది. మా షాపులో కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదట చెప్పే పాఠం ఇదే.

సత్యవతి గారి షెడ్డులో స్టార్టరు ఎత్తు, నేల నుంచి: నాలుగడుగులు. ఆ తర్వాత ఆ మోటారుకి రీవైండింగులు: సున్నా.