లోనక్క మర్యాద

మా లోనక్క అసలు పేరు అపొలోనియా. ఆ పేరుతో ఆమెను పిలిచినవాడు చర్చి ఫాదరు ఒక్కడే, అదీ బాప్తిస్మం నాడు. మైన్ నదికి దక్షిణపు ఒడ్డున, జాక్సెన్‌హౌజెన్‌లో, ఆమెకు ఆపిల్ వైన్ దుకాణం ఉండేది. గుమ్మం మీద పచ్చటి కొమ్మల దండ వేలాడుతోందంటే లోపల పుల్లటి వైన్ ఉన్నట్టే. పొడుగాటి బల్లలు, నీలిపూల జాడీలు, వాటి వెనకాల లోనక్క నోరు.

ఆ నోటి సంగతి చెప్పాలంటే ముందు మా ఒడ్డు సంగతి చెప్పాలి. వంతెన అవతల అసలు ఫ్రాంక్‌ఫర్ట్. రాజులకు పట్టం కట్టిన పెద్ద చర్చి, వర్తకులు, బ్యాంకులు, చేతిరుమాలుతో మూతి అద్దుకునే మనుషులు. ఇవతల మేము. చేపలు పట్టేవాళ్లం, తోళ్లు శుద్ధి చేసేవాళ్లం, కూరగాయలు గంపల్లో నెత్తినపెట్టుకుని వంతెన దాటేవాళ్లం. పట్నానికి తిండి పెట్టింది మేము, కంపు కొడుతున్నామని ముక్కు మూసుకున్నది వాళ్లు. వాళ్లు మమ్మల్ని ‘ఏటి అవతలివాళ్లు’ అంటారు. మేమూ వాళ్లని అదే అంటాం. ఏరు మధ్యలో ఉంది కాబట్టి ఇద్దరిదీ నిజమే. ఇక మా మోటుమాట అంటారా, పడవ మీంచి పడవకి మెత్తగా మాట్లాడితే ఎవరికి వినపడుతుంది? తాతలు అరిచారు, మేమూ అరుస్తున్నాం. పడవలు పోయినా గొంతులు మిగిలాయి.

అందుచేత మా దగ్గర తిట్టడమంటే పీట వేసి కూర్చోబెట్టడం. లోనక్క “ఒరే సన్నాసీ” అందంటే నువ్వు ఇంటివాడివి. “అండీ” అందంటే టోపీ తీసుకుని దారి చూసుకోవాల్సిందే. బ్యాంకు బాబులకి ఈ మర్మం తెలియదు. “ఎంత మర్యాదస్తురాలో!” అని మురుస్తూ వంతెన ఎక్కేవారు. వెనకాల మేము బల్ల చరిచి నవ్వేవాళ్లం.

నా పేరు ఫిలిప్, ఇళ్ల కప్పులకు పెంకులు నేస్తాను. నా పెళ్లికి లోనక్క ఇచ్చిన దీవెన ఇది: “ఈ మొహాన్ని కూడా చేసుకుందంటే, ముందు ఆ పిల్లకి కళ్లజోడు కొనిపెట్టండ్రా!” మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట చెప్పుకుని నవ్వుతుంది.

అలాంటి లోనక్క ఒక వసంతంలో, నేనూ మంగలి ఆల్బనూ గుమ్మంలో అడుగు పెట్టగానే ఎదురొచ్చింది.

“రండి ఆల్బన్ గారూ. ఫిలిప్ గారూ, కూర్చోండి. ఏం తీసుకుంటారు?”

ఆల్బన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. “ఏం చేశావురా?” అని నా తొడ గిల్లాడు.

“నేనేం చేశాను? నువ్వే ఏదో వెలగబెట్టి ఉంటావు.”

గ్లాసులు గబగబా ఖాళీ చేసి బయటపడ్డాం. మర్నాడు చేపలమ్మే ఉర్సెల్ వంతు. గుడ్ల మీద ఏడు రకాల ఆకులు నూరిన పచ్చడి వేసుకుని తింటుంటే లోనక్క వంగి, “ఇంకొంచెం వేయమంటారా, ఉర్సెల్ గారూ?” అని అడిగిందట. పాపం ఉర్సెల్ ఆ గుడ్ల మీదే ఏడ్చేసింది. అలా ఒక్కొక్కరే రావడం మానేశారు. మా ఒడ్డున వెళ్లగొట్టించుకున్నవాడు ఎందుకని అడగడు, అది నామోషీ. గుమ్మం మీద దండ ఉంది, లోపల బల్లలు ఖాళీ.

నాకు తిట్లు లేక తిన్నది అరగడం మానేసింది. అటో ఇటో తేల్చుకుందామని ఒక మధ్యాహ్నం వెళ్లి కూర్చున్నాను.

“లోనక్కా, వైన్‌లో కాస్త నిమ్మసోడా కలిపి పట్రా.”

నీళ్లు కలిపితే మాలో ఎవరూ ఏమీ అనరు. తియ్యటి సోడా కలపడం మాత్రం కన్నతల్లిని అమ్ముకోవడమే. మునుపొకడు అడిగితే వాడి టోపీ నదిలో తేలింది.

లోనక్క మెడ ఎర్రబడింది. బల్ల అంచు పట్టుకుని ఊపిరి బిగబట్టింది. “తప్పకుండా అండీ,” అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అక్కా, నన్ను తిట్టవేం?” అన్నాను. నాకూ ఏడుపొచ్చింది.

“తిడితే చస్తానంట్రా,” అంది గొంతు తగ్గించి. “గుండె పాడైపోయిందట. అరవకుండా, కోపం తెచ్చుకోకుండా ఉంటే పదేళ్లు బతుకుతావన్నాడు ఆ అవతలి ఒడ్డు డాక్టరు. బుద్ధిగా ఉంటున్నాను. మీరేమో ఒక్కొక్కరే జారుకున్నారు. జబ్బుదాన్నని తెలిసి వదిలేశారనుకున్నా.”

ఆ సాయంత్రమే అందరినీ పోగేశాను. ఉపాయం నాదే. తిట్టే పని మేము చూసుకుంటాం, మాలో మేమే తిట్టుకుంటాం, ఆమె కూర్చుని తలాడిస్తే చాలు. బల్లలన్నీ నిండాయి. లోనక్కను కుర్చీలో కూర్చోబెట్టాం.

ముందు నేనే అందుకున్నాను. “ఉర్సెల్, నీ చేపలు నిన్నటివి.”

“నువ్వు నేసిన కప్పులు కారతాయి,” అంది ఉర్సెల్, బడిలో పాఠం అప్పజెప్పినట్టు.

ఆల్బన్ లేచి గొంతు సవరించుకున్నాడు. “ఫిలిప్, నువ్వు... ఒక గాడిదవి. ఏమీ అనుకోకు.”

అంతే. లోనక్క కుర్చీ వెనక్కి పడింది.

“ఛీ, నోళ్లు మూయండ్రా! మీ తాతలు నది మీద అరిస్తే అవతల రాజు సింహాసనం మీంచి జారేవాడు, మీరేమో గాడిదా అని క్షమాపణ అడుగుతారా? ఒరే ఆల్బన్, నీ నాలుకకి పదును లేదు సరే, నీ కత్తికీ లేదేంట్రా! ఆ ఫిలిప్ గాడి గడ్డం చూడు, ఎలకలు కొరికినట్టుంది!”

ఆమె చెయ్యి గుండె మీదికి వెళ్లింది. పడిపోతుందేమోనని మేము చూస్తున్నాం, ఆమె కూడా చూస్తోంది. ఏమీ కాలేదు. బుగ్గల్లోకి రంగు మాత్రం వచ్చింది.

“అక్కా, డాక్టరు...” అంది ఉర్సెల్ భయంభయంగా.

“పదేళ్లిస్తాడట పదేళ్లు! ఆ పదేళ్లూ ఖాళీ బల్లలకి పోస్తూ కూర్చోనా? మోచేతులు తియ్యండ్రా, జాడీ ఎక్కడ పెట్టను, మీ నెత్తినా?”

ఆ తర్వాత ఆమె మూడేళ్లు బతికింది. మిగిలిన ఏడేళ్లూ మేమే తాగేశాం.